కక్కులు కొట్టిన పళ్ల సెట్టు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను జనగామ ప్రభుత్వాసుపత్రి దంత విభాగానికి మార్చారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. విభాగమంటే ఒక కుర్చీ, ఒక కిటికీ, పక్కగదిలో పాలిష్ పెట్టే చిన్న మోటారు. ఆ మోటారంటే నాకు ప్రాణం. పళ్లు పీకడం ఎవరైనా పీకుతారు, పాలిష్ పెట్టడంలో ఉన్న సంబరమే వేరు.

కొడకండ్ల యాదగిరి పెళ్లి సంబంధాలు కుదిర్చే మనిషి. పైవరుస పళ్లన్నీ పోతే నేనే కట్టుడు పళ్ల సెట్టు చేసి ఇచ్చాను. కొన్నాళ్లకు మొహం వేలాడేసుకుని మళ్లీ వచ్చాడు. ఆయన వృత్తంతా చెవిలోనే నడుస్తుంది. పిల్లవాడు కోపిష్టా, పిల్ల చదువు ఎందుకు ఆగింది లాంటివి నలుగురిలో మాట్లాడేవి కావు కదా. ఈమధ్య ఆయన చెవి దగ్గరికి వంగితే చాలు, వినేవాళ్లు కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నారట. రెండు సంబంధాలు అలాగే చెడిపోయాయి. ఆదివారం మరిపెడలో ఇంకొకటి ఉంది. అదీ చెడితే ఇక తనను ఎవరూ పిలవరని ఆయన దిగులు.

నోరు తెరవమన్నాను. తెరిచాడు. నేనూ కుర్చీ జరుపుకున్నాను.

సెట్టు తీసి చూశాను. నాలుక తగిలే వైపు అద్దంలా ఇచ్చాను, అక్కడ ఎక్కడ చూసినా గీతలే. ఏం చేశావని అడిగితే గర్వంగా చెప్పాడు.

"నున్నగ ఉంటె జారుతది గద మేడం. మాట్లాడంగ ఊడి పెండ్లోళ్ల ఒళ్లె పడితె ఏంగావాలె? ఇసుర్రాయికి కక్కులు కొట్టినట్టు ఆకురాయితోని జర రాకిన."

విసుర్రాయి అరిగి నునుపైతే గింజ నలగదు. ఉలితో గంట్లు పెట్టిస్తారు, అవే కక్కులు. నాకు కోపం రావాలి, నవ్వొచ్చింది. పక్కగదిలోకి పోయి కడుపారా నవ్వి వచ్చాను.

పై సెట్టును నిలబెట్టేది గరుకు కాదు. అంగిలికి అచ్చుగుద్దినట్టు సరిపోవడం, మధ్యలో పల్చటి లాలాజలం పొర. అందుకే అంగిలికి ఆనే వైపు మేం పాలిష్ పెట్టం, నాలుక తగిలే వైపే పెడతాం. గరుకు మైక్రాన్‌లో ఐదో వంతు దాటితే బాక్టీరియాకు పట్టు దొరుకుతుందని మా పాఠం. ఆ గీతల్లో పాచి పేరుకుంటుంది, బ్రష్ అక్కడికి చేరదు, వాసన మొదలవుతుంది.

ఇదంతా చెబితే ఆయన మర్యాదగా తలూపాడు కానీ నమ్మలేదు. పాచిని పట్టిచ్చే ఎర్రరంగు ఒకటి మా దగ్గర ఉంటుంది. అది సెట్టుకు పూసి కడిగాను. ఆకురాయి తగలని చోట రంగు పోయింది, తగిలిన చోట గీత గీతా ఎర్రగా మిగిలింది.

ఆయన కాసేపు తేరిపార చూశాడు. "ఊరందరికి కాపురాలు పెట్టించెటోన్ని, ఈ పురుగులక్కూడ పెట్టించిన" అన్నాడు.

ముందు సన్న గరుకు కాగితాలతో గీతలు తీశాను. తర్వాత తడిపిన గుడ్డచక్రం మీద ప్యూమిస్ అనే నురగరాయి పొడి, ఆఖరున మెరుపు పేస్టు. వేడెక్కితే సెట్టు వంకరపోతుంది కనుక ఇందులో తొందర పనికిరాదు. ఎర్రబడిన అంగిలికి మందు రాసిచ్చి, పడుకునేటప్పుడు సెట్టు తీసి నీళ్లలో వేయమని, మెత్తటి బ్రష్‌తో సబ్బునీళ్లతో కడగమని చెప్పాను. ఆకురాయి ఇంట్లో కనబడకూడదని కూడా చెప్పాను. మెరిసే సెట్టు చేతికొచ్చేసరికి ఈల వేయాలనిపించింది. వేశాను కూడా.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడు.

"పిల్లగాని నాయిన చెవుల చెప్పిన మేడం. కుర్చీ జరిపిండు. గని నా దిక్కు జరిపిండు."

సంబంధం కుదిరిందా అని అడిగాను. అది ఇంకా తేలలేదట. ఆయనకు ఆ ధ్యాసే లేదు, నాకూ లేదు. ఇద్దరం ఫోన్‌లో పిల్లల్లా నవ్వుకున్నాం.

నోరు వాసన వస్తోందని మనిషికి ఎవరూ చెప్పరు, ఇంట్లోవాళ్లు కూడా చెప్పరు. దూరంగా జరుగుతారు, అంతే. అది మొహం మీద చెప్పవలసిన ఉద్యోగం డెంటిస్టుది. సెట్టు చేతికిచ్చేటప్పుడు అది ఎందుకు నున్నగా ఉండాలో కూడా చెప్పాలి. రిటైరయ్యేదాకా ఆ రెండూ చెబుతూనే వచ్చాను.