దుంప తల ఇంట్లోనే ఉంది

మా నాన్న దింగాకి ఇద్దరు అమ్మలు. ఒకామె ఆయన్ని కని, బొడ్డు కోయకముందే కన్నుమూసింది. రెండో ఆమె పేరు లెంబె. బాకా తెగ మనిషి, అడవి మనిషి. అప్పటికి ఆమె చంకలో నెలల పిల్లాడున్నాడు, లిందో. ఒక రొమ్ము వాడికి, ఒక రొమ్ము మా నాన్నకి ఇచ్చి, ఆరేళ్లు ఇద్దరినీ తన ఆకుల గుడిసెలోనే పెంచింది. తర్వాత మా క్వేలే తెగవాళ్లు వెళ్లి నాన్నని రోడ్డు పక్కనున్న ఊరికి తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక ఆమె పేరెత్తడం మానేశారు.

నేను చెప్పబోయేది లిందో గురించి. కొన్ని నెలలు తనే పెద్దవాడైనా, క్వేలేవాడని నాన్ననే అన్నా అని పిలిచేవాడు. ఆయన్ని చిన్నాన్న అని పిలిచినందుకు చిన్నప్పుడు మా మేనత్త చేతిలో చెంపదెబ్బలు తిన్నాను. మా ఊళ్లో ప్రతి క్వేలే ఇంటికీ ఒక బాకా కుటుంబం ఉంటుంది. 'మా బాకావాళ్లు' అంటారు, 'మా మేకలు' అన్నట్టే. వాళ్లు మాంసం, తేనె, అడవి మామిడి గింజలు తెచ్చిస్తారు. మేం ఉప్పు, పాత చొక్కా, గుప్పెడు పొగాకు ఇస్తాం. ఇచ్చి, వాళ్లని మేమే బతికిస్తున్నామని చెప్పుకుంటాం.

చిన్నాన్న నా భుజం దాకా వస్తాడు. ముందు పళ్లు సూదిగా చెక్కించుకున్నాడు. ఎడమ చెవి తేనెటీగల దగ్గర సగం పోగొట్టుకున్నాడు. ఊళ్లో ఉన్నంతసేపూ నోరు విప్పడు. ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు. అడవిలో పాతిక అడుగులు వేశాక మాత్రం ఆయన మాటలకి అంతుండదు, అన్నీ ఎదుటివాడిని ఏడిపించే మాటలే.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక మా నాయకుడు ఎటూక్ ఇంటి గోడకి ఒక నోటీసు అంటించారు. చదివి వినిపించింది నేనే. రోడ్డు నుంచి పెద్ద నది దాకా ఉన్న అడవిని ఒక కలప కంపెనీకి ఇచ్చేశారు. ఆ లోపల ఎవరిదైనా పాత ఊరుంటే నలభై రోజుల్లో ఆ చోటు చూపించాలి. సమాధులో, నాటిన చెట్లో, ఏదో ఒక ఆధారం తేవాలి. తెస్తే ఆ మేరకు చెట్లు కొట్టరు. తేకపోతే అది మనుషులు లేని అడవి కిందే లెక్క.

మాకు పాత ఊరుంది. దాని పేరు ఎజిమే. తెల్లదొరలకి రబ్బరు పాలు కావలసి వచ్చినప్పుడు సిపాయిలు ఆ ఊరు తగలబెట్టి మా వాళ్లని తాళ్లతో కట్టి రోడ్డు దాకా నడిపించారు. దాన్ని చూసినవాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు. దారి ఎవరికీ తెలియదు. నాన్న దగ్గరున్నదల్లా మా ముత్తాత చెప్పి పోయిన ఒక్క మాట, ఏడు ఏర్లు దాటాలి, ఏడోది ఎర్రగా ఉంటుంది.

"ఎందుకొచ్చిన గొడవ దింగా," అన్నాడు ఎటూక్. "కంపెనీ వస్తే కుర్రాళ్లకి పనులొస్తాయి, ఇళ్లకి రేకులొస్తాయి. ఆ బూడిద కోసం పోతావా?"

"బూడిదైనా నాదే కదా నాయకా."

"సరే పో. నీ బాకావాణ్ణి తీసుకుపో. బరువు మోస్తాడు."

చిన్నాన్న నవ్వి ఊరుకున్నాడు. ఎజిమే ఆయనకీ కావాలని అక్కడ ఎవరికీ తట్టలేదు. లెంబె పుట్టింది ఎజిమే వెనకున్న బాకా గుడిసెల్లోనే. సిపాయిలు వచ్చిన రోజు ఆమె పన్నెండేళ్ల పిల్ల, వాళ్లమ్మతో అడవి దుంప తవ్వుతోంది. బాకా ఆడవాళ్లు దుంపని కోసుకుంటారు గాని దాని తలని, తీగ మొదలుతో సహా, గోతిలోనే ఉంచి ఆకులు కుక్కి మట్టి కప్పుతారు. మరుసటి ఏడాది అదే గోతిలో మళ్లీ దుంప ఊరుతుంది. అమ్మ కప్పిన గొయ్యి కూతురు తవ్వుతుంది. ఆ రోజు తవ్వింది మాత్రం సగంలో ఆగిపోయింది. చనిపోయే ముందు లెంబె కొడుకులిద్దరికీ చెప్పిన ఆఖరి మాట, "గొయ్యి మూయకుండా వచ్చేశాను," అని.

నేను వాళ్లతో వెళ్లలేదు. ఆ ప్రయాణం గురించి ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. నాన్న చెప్పేదాంట్లో ఏనుగులు మూడు. చిన్నాన్న చెప్పేదాంట్లో ఒక్కటే, అదీ వీపు చూపించి పోతోంది. ఇద్దరి మాటా కలిసిన చోట్లే ఇక్కడ రాస్తున్నాను.

నోటీసు పడిన వారానికి, ఆకుల్లో చుట్టిన కర్రపెండలం ముద్దలు, ఎండు చేప, ఉప్పు, చెరో కత్తి పట్టుకుని బయల్దేరారు. ముందు నాన్న నడిచాడు. ఊరి పెద్దమనిషి కదా. ఏర్లు లెక్కపెడుతూ నడిచాడు.

"ఇది నాలుగోది," అన్నాడు మూడో రోజు.

"అన్నా, ఇది ఏరు కాదు. ఏనుగు నడిచిన గాడి. వాన నీళ్లు నిలిచాయి."

"నీళ్లున్నాయా, లేవా?"

"ఉన్నాయి."

"అయితే ఏరే."

"అలాగైతే నీ చెప్పులోనూ ఒకటుంది. ఐదు."

నాన్నకి కోపం వచ్చి ఆ పూట మాట్లాడలేదు. మాట్లాడనివాడికి చిన్నాన్న తేనె పట్టు కొట్టి మైనంతో సహా నోట్లో పెట్టాడట. నమలడానికి నోరు తెరవాల్సి వచ్చింది. తెరిచాక తిట్టకుండా ఎలా ఉంటాడు? తిట్టాడు. అలా మళ్లీ మాటలు కలిశాయి.

తొమ్మిదో రోజున నాన్న లెక్కకి ఏడో ఏరు వచ్చింది. నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. దాటి గట్టెక్కితే నూనె తాటిచెట్లు, వరుసగా, నూలు పట్టి నాటినట్టు. మధ్యలో ముసలి మామిడి చెట్లు. అడవి దానంతటదే అలా మొలవదు. నాన్న కత్తి నేలలో గుచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. కాసేపు ఏడ్చానని ఆయనే చెప్పాడు.

చిన్నాన్న కూర్చోలేదు. ఆ చెట్ల చుట్టూ ఒకసారి తిరిగాడు, ఇంకా దూరం వెళ్లి మరోసారి తిరిగాడు. వచ్చి అన్నాడు, "అన్నా, ఇక్కడ ఆడవాళ్లు లేరు."

"ఎప్పుడో చచ్చిపోయినవాళ్లు ఇప్పుడెలా ఉంటారురా?"

"ఎప్పుడూ లేరు. చుట్టూ ఎక్కడా దుంప గొయ్యి లేదు. పొయ్యి రాయి లేదు. సఫూ పండ్ల చెట్టు ఒక్కటీ లేదు. పిల్లలున్న ఊళ్లో సఫూ నాటకుండా ఉంటారా? ఇంత తిన్నగా మీవాళ్లు ఎప్పుడైనా ఏమైనా నాటారా? మీ ఇళ్లే వంకర."

నాన్నకి అర్థమైంది. అది దొరల రబ్బరు మకాం. మగవాళ్లని తెచ్చి పడేసి, పాలు తక్కువైతే కొట్టిన చోటు. అర్థమైనా ఆయన లేవలేదు. ఇరవై ఐదు రోజులకన్నా ఎక్కువ లేవు. తిరిగి వెళ్లడానికే తొమ్మిది కావాలి. కాళ్లు వాచిపోయాయి.

"లిందో, ఆఫీసువాళ్లకి కావలసింది నాటిన చెట్లు. ఇవి నాటిన చెట్లే. వాళ్లకేం తెలుసు? ఇదే ఎజిమే అని చెబుదాం. అడవి మిగులుతుంది."

ఇక్కడ ఇద్దరూ ఒకేలా చెప్పారు, పొల్లు పోకుండా. చిన్నాన్న ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, "మీ తాతని కొరడాతో కొట్టిన చోటు చూపించి ఇది మా ఇల్లని చెబుతావా?" అన్నాడు. "చెప్పు. నేను మాత్రం పక్కన నిలబడను."

ఊళ్లో అందరూ బరువు మోస్తాడన్న మనిషి అన్న మాట అది. నేను చాలా పుస్తకాలు చదివాను, దొరికినవన్నీ. ఇంత నిటారుగా నిలబడిన మాట వాటిలో నాకు ఎక్కువ దొరకలేదు.

మరునాటి నుంచి చిన్నాన్న ముందు నడిచాడు. ఏర్లు లెక్కపెట్టడం మానేశారు. అది దుంప తీగలు పండి పసుపుబారే కాలం. ఆయన తలెత్తి పచ్చదనంలో పసుపు కోసం వెతికాడు. ఎక్కడో ఒక తీగ కనిపిస్తే దగ్గరికెళ్లి కాలితో నేల నొక్కి చూసేవాడు. గట్టిగా ఉంటే, "ఇది ఎవరూ తవ్వలేదు," అని ముందుకు పోయేవాడు. అలా నాలుగు రోజులు నడిచారు. ఉప్పు అయిపోయింది. ఐదో రోజు మధ్యాహ్నం ఒక వాలు మీద, ఒక చోట కాదు, ముప్ఫై నలభై చోట్ల పసుపు తీగలు. నేల మీద పల్లాలు. చిన్నాన్న ఒక పల్లంలో చెయ్యి పెడితే భుజం దాకా దిగిపోయింది.

"ఒకసారి తవ్వితే ఇలా మెత్తబడదు," అన్నాడు. "ఎంతమంది అమ్మలో, ఎంతమంది కూతుళ్లో."

వాటిలో ఒక్కటి మాత్రం పల్లం కాదు, నోరు తెరిచిన గొయ్యి. అంచులు గట్టిపడి, అడుగున కుళ్లిన ఆకులున్నాయి. ఆకులు తీస్తే అరచేయంత కుండ పెంకు దొరికింది, మట్టి తోడుకోవడానికి వాడేది. దాని మీది గీతల్ని నాన్న వేలితో తుడిచి చూశాడు. ఆ గీతలు మా ఆడవాళ్లు కుండ పచ్చిగా ఉన్నప్పుడు తాటాకు ఈనెతో గీసేవి. బాకావాళ్లు కుండలు చెయ్యరు. ఆ పెంకు ఎజిమే నుంచే రావాలి.

"ఇదేనా అమ్మ గొయ్యి?" అన్నాడు నాన్న.

"ఏమో."

"మరెలా?"

"ఏదో ఒకటి మూస్తే సరిపోతుంది కదా అన్నా."

ఇద్దరూ కలిసి ఆకులు కుక్కి, మట్టి తోసి, మడమతో తొక్కారు. తెల్లారి దుంపల వాలు నుంచి ఆడమనిషి కేక వినిపించే దూరంలో సఫూ చెట్లు కనిపించాయి. ఇళ్ల వరుసలు ఉండాల్సినట్టే రెండు వంకర వరుసలు. వాటి చివర తొమ్మిది సమాధుల దిబ్బలు. నాన్న ఒక్కో దిబ్బ దగ్గర కూర్చుని తెలిసిన పేర్లన్నీ చెప్పుకున్నాడు. చిన్నాన్న వాలు మీదికి వెళ్లి ఒక దుంప తవ్వి, తల మళ్లీ గోతిలో పెట్టి వచ్చాడు.

నోటీసు పడిన ముప్ఫై ఏడో రోజున ఇద్దరూ రోడ్డెక్కారు. నలభయ్యో రోజున అటవీ అధికారి జీపులో వచ్చాడు. ఎటూక్ ఇంటి ముందు బల్ల వేశారు. ఊరంతా చేరింది. నాన్న పెంకు పెట్టాడు, సఫూ చెట్లు చెప్పాడు, సమాధులు చెప్పాడు. చిన్నాన్న వచ్చి బల్ల మీద దుంప పెట్టాడు. జనం నవ్వారు.

"దింగా బాకావాడు వంటకి తెచ్చాడు," అన్నాడు ఎటూక్.

అధికారి దుంపని తిప్పి చూశాడు. "ఇది అడవిలో ఎక్కడైనా దొరుకుతుంది కదయ్యా. పైగా సగమే ఉంది. దీని తల ఏదీ?"

"ఇంట్లో ఉంది," అన్నాడు చిన్నాన్న.

"నీ ఇల్లెక్కడ?"

"అదేగా మీరు అడుగుతున్నది. మీ మనిషిని పంపండి. మెత్తటి నేల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెయ్యి పెట్టి చూసుకోమనండి. అక్కడిదాకా మా ఆడవాళ్ల ఊరు. ఆ పక్కనే అన్నవాళ్ల ఊరు."

అధికారి చిన్నాన్న వెంట సర్వేయరుని పంపాడు. సన్నటి మనిషి, పట్నంవాడు. మూడు వారాల తర్వాత తిరిగొచ్చినప్పుడు అతని కుడి చెయ్యి భుజం దాకా మట్టి మరకే. ఎక్కడికి పోయినా వాలు మీది గోతుల గురించే చెప్పాడట. పటంలో ఎజిమే చుట్టూ గీత గీశారు, దుంపల వాలుతో సహా. కంపెనీ దాన్ని వదిలేయాలి.

సంతకాల రోజు మళ్లీ అదే బల్ల. కాగితంలో చోటు చూపించినవాళ్ల పేరు, తల్లి పేరు రాయాలి. నాన్న అన్నాడు, "దింగా, లిందో. అమ్మ పేరు లెంబె."

"ఇద్దరికీనా?" అన్నాడు అధికారి.

ఎటూక్ కుర్చీలోంచి లేచాడు. "దింగా, నిన్ను కన్నామె మా పిన్ని. మంచి ఇంటి మనిషి. నువ్వు బాకా ఆడదాని కొడుకునని సర్కారు కాగితం మీద రాయించుకుంటావా? రేపు మా పిల్లలు చదువుతారు."

"చదవనీ," అన్నాడు నాన్న. "కన్నామె పేరు నా గుర్తింపు కార్డు మీద ఉంది. ఇది ఊరి కాగితం. ఊరు చూపించినామె పేరే దీనికి."

యాభై ఏళ్లు నోట్లో దాచుకున్న పేరు అది. ఆయన దాన్ని ఉప్పు ఇమ్మని అడిగినట్టు మామూలుగా అన్నాడు. అధికారి రాశాడు. ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

చిన్నాన్న తన వేలి నల్లరంగు చూసుకుంటూ, "అన్నా, ఎన్ని ఏర్లు దాటామో అది కూడా రాయించు," అన్నాడు.

"ఏడు."

"పదకొండు. చెప్పులోది కాకుండా."

జనం నవ్వారు. ఊళ్లో చిన్నాన్న అన్నని ఏడిపించడం, ఆయన మాటకి ఊరు నవ్వడం నేను చూసింది అదే మొదలు.

కంపెనీ లారీలు ఇప్పుడు పగలంతా మా రోడ్డు మీద ఎర్ర దుమ్ము లేపుతూ పోతున్నాయి. మిగిలిన అడవి గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఎజిమే చిన్న ముక్క, ఒక్క పూటలో దాటేయొచ్చు. కాని ఆ గీత లోపల ఒక్క రంపం మోగలేదు. తీగలు పండిన ప్రతి ఏడాదీ చిన్నాన్న అక్కడికి వెళ్తాడు. కిందటి ఏడాది నేనూ వెళ్లాను. దుంప కోసి, తల గోతిలో నిలబెట్టి, "కప్పు," అన్నాడు నాతో. ఆకులు కుక్కి, మట్టి తోసి, మడమతో తొక్కాను. ఆయన వంగి వేలితో నొక్కి చూశాడు.

"క్వేలేవాడివే," అన్నాడు. "మరీ గట్టిగా తొక్కావు. మళ్లీ తియ్యి."

తీసి, మళ్లీ కప్పాను.