చేప లేని పక్షులు

నేపర్‌విల్‌లో మా పక్కింటావిడ పనామా దీవుల్లో పుట్టిన గూనా తెగ స్త్రీ. నాతోపాటే ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. వాళ్ళ ఆడవాళ్ళు రవికెలకు ముందూ వెనకా మోలాలు కుడతారు. రంగు గుడ్డలు ఒకదానిపై ఒకటి పరిచి, పైవాటిని కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, అడుగు రంగు కనబడేలా చేత్తో కుట్టే పని అది. ఆవిడకు తల్లి నేర్పింది, ఆ తల్లికి అమ్మమ్మ. కాలేజీలో చదివే కూతురికి మాత్రం సూది పట్టాలంటే విసుగు.

నా పుట్టినరోజుకు ఆవిడ తల్లి కుట్టిన రవికె వేసుకొచ్చింది. దాని మీద ఒక్క చేప కోసం పోట్లాడుకుంటున్న రెండు పక్షులు. "అమ్మా, పిన్నీ మాటలు మానేసినప్పుడు కుట్టింది," అని నవ్వింది.

ఆరోజు వచ్చినవాళ్ళలో మా తెలుగు ఆంటీ ఒకామె ఉంది. బేస్‌మెంట్‌లో బొటీక్ పెట్టి డిజైనర్‌నని చెప్పుకుంటుంది. జన్మలో ఒక గుండీ కుట్టిన పాపాన పోలేదు. "ఓ మై గాడ్, ఎంత క్యూట్!" అంటూ పక్కింటావిడను షాపులో బొమ్మలా అటూ ఇటూ తిప్పి ఫొటోలు తీసుకుంది.

దీపావళి ముందు ఎగ్జిబిషన్‌కి వెళ్తూ పక్కింటావిడ కూతుర్ని కూడా తీసుకెళ్ళాను. ఆంటీ స్టాల్‌లో అవే పక్షులు, పాలిస్టర్ జాకెట్ల మీద అచ్చేసి వేలాడుతున్నాయి. చేప మాత్రం మాయం.

"చేప ఏది ఆంటీ?" అన్నాను.

"నాన్‌వెజ్ కదమ్మా, పూజలకి వేసుకుంటారని రిమూవ్ చేయించా."

"అసలు వాళ్ళని అడిగారా?"

"ట్రైబల్ డిజైన్‌కి పర్మిషనేంటి? వాళ్ళ ఆర్ట్‌ని నేనే ప్రమోట్ చేస్తున్నా!"

ఆ పిల్లకు ఇంగ్లీషులో చెప్పాను. తను ఒక జాకెట్ తీసి ఆంటీ ముందు పడేసి, "ఇది మా అమ్మమ్మ తగాదా. మీకేం తెలుసు?" అని అడిగింది.

"సో స్వీట్! మాకు మోడలింగ్ చేస్తావా?" అంది ఆంటీ. అవమానం కూడా అంటని చర్మం.

జాకెట్లన్నీ అమ్ముడుపోయాయి. మా వాళ్ళు అవి తొడుక్కుని, ఎందుకు నోళ్ళు తెరిచాయో తెలియని పక్షులతో లక్ష్మీపూజలు చేసుకున్నారు. నేను ఆ ఇళ్ళకు వెళ్ళడం మానేశాను. నేను రాలేదని ఎవరూ గమనించలేదు.

ఆ చలికాలం ఆ పిల్ల తల్లి పక్కన కూర్చుని మొదటి మోలా మొదలుపెట్టింది. దాని మీద ఒళ్ళంతా నగలు, చేతిలో ఫోను, ముఖమంతా నోరే ఉన్న ఒక ఆడమనిషి. నోటి అంచు వంకరగా వచ్చిందని తల్లి విప్పించింది. ఆ పిల్ల గొణుక్కుంటూనే మళ్ళీ కుట్టింది.