కొత్త సిస్టమ్‌లో నా అవసరం

పాప పుట్టిన మరుసటి ఏడు నేను గోదావరిఖనిలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌ని. బొగ్గు బాయిల నుంచి వచ్చే రిపోర్టులు, ఉత్తరాలు అన్నీ ఒకేచోట ఉంచి, ఎవరి కుర్చీలోంచి వాళ్లు చదివి దిద్దుకునేలా కంపెనీ ఒక సిస్టమ్ పెట్టింది. అందరూ కలిసి పనిచేయాలని దాని ఉద్దేశం. మేమూ కలిసే పనిచేసేవాళ్లం. నేను ప్రింటు తీసిస్తే పెద్దసారు ఆకుపచ్చ ఇంకుతో, చిన్నసారు ఎర్ర ఇంకుతో దిద్దేవారు. హెడ్ క్లర్కును అందరం కాకా అనేవాళ్లం. ఆయన రెండు రంగులకీ రాజీ కుదిర్చి కాగితం నాకిచ్చేవాడు. నేను నా లాగిన్‌తో ఎక్కించేదాన్ని.

ఆ సిస్టమ్ పాతబడింది, కొత్తది వేయడానికి ప్లాన్ చేద్దామని హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. మీటింగులో గోడ మీద ఒక పట్టిక వేసి చూపించాడు.

"సార్, ఈ ఆఫీసు మొత్తంలో వాడేది ఒక్కరే. ఈ మేడమ్."

నేనే మిగతావాళ్లను లోపలికి రానివ్వనట్టు అందరూ నావైపు తిరిగారు.

"అదేంటండీ! నేను రోజూ దిద్దుతూనే ఉన్నాగా?" అన్నారు పెద్దసారు. ఆయనది కోస్తా. నిజంగానే నొచ్చుకున్నారు.

"పెన్నుతోని దిద్దితే గా మిషిన్‌కు ఎట్ల తెలుస్తది సార్?" అన్నాడు కాక.

"నువ్వు ఎన్నడన్న ముట్టినవా కాకా?" అన్నారు చిన్నసారు.

"ముడితే షాక్ కొడ్తదేమో అని ఇడిసిపెట్టిన."

చివరికి ప్లాన్ తేలింది. ఎవరి లాగిన్ వాళ్లకి. ఎవరి ఉత్తరం వాళ్లే టైపు చేసుకుని, వాళ్లే ఆమోదించాలి. ఆఖరి వాక్యం: ఆపరేటర్ అవసరం ఉండదు. ఆ ప్లాన్ టైపు చేసే పని మాత్రం నాదే. తప్పుల్లేకుండా కొట్టి, మార్జిన్లు సరిచేసి, ప్రింటు తీసిచ్చాను. పెద్దసారు ఆ ఆఖరి వాక్యం కింద ఆకుపచ్చ గీత గీసి, పక్కన "బాగుంది" అని రాశారు.

మా ఆయన బాయిలో పనిచేస్తాడు. పాప పుట్టాక ఆయన దిగిన ప్రతి షిఫ్టూ నాకు ఫికరే. ఏదైనా జరిగితే పాపను నేను సాకగలనన్న ధైర్యం ఈ నౌకరీ ఒక్కటే. ఆ మాట ఆయనతో అనలేను కదా. నౌకరీ పోయేటట్టుందని మాత్రం చెప్పాను.

"మీ సార్లు సొంతంగ టైపు కొడ్తరా?" అని నవ్వాడు. "తెలంగాణ రాష్ట్రమన్న జల్ది వస్తది గని, అది గాదు."

అత్తమ్మ పాపకు అన్నం పెడుతూ, "పోతే పోనీ బిడ్డా, ఇంట్ల కూసో" అంది.

కొత్త సిస్టమ్ వచ్చింది. ట్రైనింగులో సమోసాలు పెట్టారు. అందరూ శ్రద్ధగా తలలూపారు. మర్నాడు పొద్దున్నే కాక నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, నా పాస్‌వర్డు నువ్వే పెట్టుకో. నాకు మనుమల పేర్లే యాదికుండయి."

మధ్యాహ్నానికి చిన్నసారు వచ్చారు. సాయంత్రం పెద్దసారు గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. "అమ్మాయ్, ఇది కాన్ఫిడెన్షియల్. నీకొక్కదానికే చెప్తున్నా."

తర్వాత ఇంజనీరు రిపోర్టు పంపాడు. మా ఆఫీసులో అందరూ ఉత్సాహంగా వాడుతున్నారట. మిగతా ఆఫీసులు మమ్మల్ని చూసి నేర్చుకోవాలట. ఆ మెప్పు వచ్చిన వారంలోనే నా కాంట్రాక్టు పొడిగించాలని ఫైలు కదిలింది. పని పెరిగినందున ఆపరేటర్ అత్యవసరమని పెద్దసారు చెబుతుంటే నేనే టైపు చేశాను. కాక పేరుతో ఫైలు పెట్టాను. చిన్నసారు పేరుతో సిఫారసు చేశాను. అన్నీ వాళ్లను అడిగే.

ఇక ఆమోదం మిగిలింది. పెద్దసారు లాగిన్‌లోకి వెళ్లాక మౌస్ మీద నా చెయ్యి ఆగిపోయింది.

"నొక్కమంటారా సార్?"

ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. "అడుగుతావేంటమ్మా, నాకు వాడటం వచ్చా ఏంటి? కానివ్వు."

నొక్కాను.