అక్క ముందరి పళ్లు

కిందటి వేసవిలో జగిత్యాలలో పళ్ల డాక్టరమ్మ నా నోట్లో కొత్త పళ్లు రెండు బిగించి, చేతికి అద్దమిచ్చి, ఒకసారి నవ్వండి సార్ అన్నది. నవ్వబోయి నవ్వలేకపోయాను. నొప్పేమోనని ఆమె కంగారుపడింది గాని, నాకు నొప్పేమీ లేదు. అద్దంలో నా మొహం చూడలేకపోయానంతే.

కోరుట్లలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి రిటైరైన నాకు షుగరు వల్ల ముందరి పళ్లు రెండూ కదిలి ఊడిపోతే, దవడ ఎముకలోకి చిన్న స్క్రూలు దింపి, ఎముక వాటిని గట్టిగా పట్టుకునేదాకా నాలుగు నెలలు ఆగి, వాటి మీద ఈ పళ్లు తొడిగారు. ఆ నాలుగు నెలలూ నేను పెళ్లికి పోవలసి వస్తే మాస్కు పెట్టుకుని పోయాను, ఫొటోకు పిలిస్తే ఏదో పని ఉన్నట్టు పక్కకు తప్పుకున్నాను. అన్నాళ్లకే నా పని అట్లా అయితే, మా అక్క అదే బోసినోటితో యాభై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చింది. ఆ పళ్లు పోగొట్టింది నేను. ఈ మాట ఆ రోజుదాకా ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మనిషికి కూడా.

మా చిన్నతనమంతా సిరిసిల్లలో గడిచింది. బాపు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ బీడీలు చుట్టేది. ఆ వాడలో పక్క మనిషితో మాట్లాడాలన్నా మగ్గాల చప్పుడుకు గొంతు పెంచాల్సిందే, అందుకేనేమో మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులు, అందులో అక్క నవ్వు మరీ పెద్దది, నాలుగిళ్ల అవతలికి వినిపించేది. అప్పుడు నాకు పదకొండేళ్లు, తనకు పదిహేను. నేను బడి ఎగ్గొట్టి సినిమాకు పోయిన సంగతి అక్క బాపుకు చెప్పింది, బాపు వెదురు బద్దతో కాళ్లు వాతలు తేలేట్టు కొట్టాడు. మర్నాడు పొద్దున ఇద్దరం నీళ్లకు పోయాం. మా వాడ బోరింగులో నీళ్లు బాగా లోతు, హ్యాండిల్ నొక్కాలంటే ఇద్దరం కలిసి దాని మీద బరువు వెయ్యాలి. అది పూర్తిగా కిందికి దిగి, అక్క దాని మీదికి వంగి ఉన్నప్పుడు, నేను చేతులు వదిలేశాను. చెయ్యి జారి కాదు, కావాలనే. కొంచెం దెబ్బ తగిలితే చాలనుకున్నాను. ఆ ఇనుప కడ్డీ ఒక్క ఊపున లేచి ఆమె మూతికి కొట్టింది.

అవ్వ ఉరికి వచ్చేసరికి అక్క నోటినిండా నెత్తురు, మాట రావడం లేదు. ముందుగా నేనే చెప్పాను, పాచి మీద కాలు జారి పడ్డదని. అక్క నా దిక్కు ఒక్కసారి చూసింది. ఆ తర్వాత ఎవరడిగినా తనూ అదే చెప్పింది.

పెళ్లిచూపులకు కోరుట్ల వాళ్లొచ్చినప్పుడు అక్క పెదవులు సరిగా విప్పకుండా పేరు చెప్పిందని, పిల్లకు ఏదో లోపముందనుకుని, వాళ్లలో ఒక పెద్దామె పనిగట్టుకుని నవ్వించింది. ఆ సంబంధం తప్పిపోయింది, దాని తర్వాతదీ తప్పిపోయింది. ఆ రెండుసార్లూ నేను గడప పక్కన నిలబడి అంతా చూశాను, అయినా నోరు విప్పలేదు. చివరికి మేడిపల్లిలో, మొదటి భార్య పోయిన బావకు ఇచ్చారు. బావ మంచివాడు, అది మా అదృష్టం, అందులో నా గొప్ప ఏమీ లేదు. నాకు ఉద్యోగం వచ్చాక అక్కకు పళ్లు పెట్టిద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ, ఆ మాట ఎత్తితే అసలు ఎట్లా పోయాయన్న మాట కూడా లేస్తుందని వెనక్కి తగ్గాను. నా భయానికి నేను జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

ఆ రోజు డాక్టరమ్మ దగ్గరి నుంచి ఇంటికి పోకుండా మేడిపల్లి పోయాను. అక్క వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పి, “మంచిగున్నయి తమ్మీ, అచ్చం నీ పండ్ల లెక్కనే ఉన్నయి” అన్నది. అప్పుడు చెప్పాను.

“అక్కా, గా బోరింగు హ్యాండిల్ నేను కావాలనే ఇడిచిన.”

“నాకెరుకే” అన్నది అక్క, చేతిలో పని ఆపకుండానే.

“మరి బాపుకు ఎందుకు చెప్పలే?”

“నేను చెప్పంగనే కదా ముందురోజు నీ కాళ్లు వాతలు తేలినయి. నువ్వే చెప్తవని చూసిన. పెద్దగైనంక చెప్తవనుకున్న. నౌకరి అచ్చినంక చెప్తవనుకున్న. గిన్నేండ్లు చూసిన.”

కోపం ఉన్నదా అని అడిగాను.

“ఉండదా?” అన్నది.

కాళ్ల మీద పడి ఏడ్చానని రాసుకోవచ్చు గాని, అట్లా జరగలేదు. అక్క లేచి చాయ్ పెట్టింది.

మరుసటి వారం తనను జగిత్యాల తీసుకుపోయాను. పళ్లు పోయి చాలా ఏళ్లైనందువల్ల అక్కడి ఎముక అరిగి పలచబడ్డదని, ముందు ఎముక పొడి నింపి, అది గట్టిపడ్డాక స్క్రూలు వెయ్యాలని, అంతా కలిపి ఏడాది పడుతుందని, వద్దనుకుంటే తీసి పెట్టుకునే సెట్టు చేసిస్తానని డాక్టరమ్మ చెప్పింది. అక్క సెట్టు చాలంటుందని నేననుకున్నాను. నిజం చెప్పాలంటే, అట్లా అంటే నా మనసు కొంచెం తేలికపడేదేమో.

“స్క్రూలే పెట్టున్రి బిడ్డా, ఏడాదైతేంది?” అన్నది అక్క.

తిరుగు బస్సులో అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, నా దిక్కు తిరగకుండానే అన్నది: “గప్పుడే చెప్పినవనుకో, బాపు ఇంకో రెండు కొడుతుండె. నేను గూడ రెండేస్తుంటి. దసరకు అందరం మర్చిపోతుంటిమి.”

ఎముక పొడి వేసి నెలలు గడిచాయి, వచ్చే నెలలో అక్కకు స్క్రూలు వేస్తారు. మా కాలంలో పోయిన పన్ను పోయినట్టే, ఇప్పుడు జగిత్యాలలో ఏ సందులో చూసినా పళ్ల డాక్టరు బోర్డే, అరిగిన ఎముకను కూడా తిరిగి పెంచుతున్నారు. ఎంత మారిందో అనుకుంటాను. బాపు పోయాడు, అవ్వ పోయింది, మేమున్న ఇల్లు వేరేవాళ్లదైంది. నాకు ఆనాడు పడవలసిన ఆ రెండు దెబ్బలు వెయ్యడానికి ఇప్పుడెవరూ లేరు, అక్క ఉన్నా చెయ్యెత్తదు.