మామ గొంతుకు సరిపోయిన ఆంప్లి

పోయిన వారం పొద్దున్నే, మా మామ ఇక లేడని ఆళ్లగడ్డ నుంచి కబురొచ్చింది. తెచ్చినవాడు మా నంద్యాల టాక్సీ స్టాండులో జీపు నడిపే మనిషి. అంతకు ముందురోజే నేను అతని జీపు తాళం దాచిపెట్టి స్టాండంతా వెతికించాను. దానికి బదులు తీర్చుకుంటున్నాడనుకుని నవ్వబోయాను. అతను తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు నమ్మాను.

మామ అంటే నా భార్య తండ్రి. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేవాడు, సాయంత్రం జొన్నచేను చూసుకునేవాడు, ఆదివారం చర్చిలో పాడేవాడు. చదువు మధ్యలో ఎగ్గొట్టిన టాక్సీ డ్రైవరుకు బిడ్డనెందుకిచ్చావని ఊళ్లోవాళ్లు అడిగితే, "ఇంట్లో నవ్వించేటోడు ఒకడుండల్లప్పా" అన్నాడట. నా నోటిదురుసు గురించి మా ఆవిడ ఎన్నిసార్లు మొర పెట్టుకున్నా ఆయన దగ్గర అదొక్కటే జవాబు.

పాటలో ఆయనది అడుగు గొంతు. ఆడవాళ్లు, పిల్లలు రాగాన్ని పైకెత్తుకుపోతుంటే ఆయన కింద నిలబడి మోసేవాడు. నేను దానికి బర్రె గొంతని పేరు పెట్టాను. అన్నం దగ్గర ఖాళీ చెంబులో మూతిపెట్టి ఆయనలా పాడితే మా అత్త, మా ఆవిడ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఆయన ముద్ద మింగి, "శ్రుతి తప్పినావు, మళ్లా పాడు" అనేవాడు.

తర్వాత ఆయన గొంతుకు జబ్బు చేసింది. ఆపరేషనయ్యాక గుసగుస ఒక్కటే మిగిలింది. చర్చిలో ఎప్పుడో ఎవరో పట్టిన క్రిస్మస్ పాటల క్యాసెట్టు ఇంట్లో ఉండేది. దాన్ని చిన్న టేపురికార్డరులో పెట్టుకుని, చెవి ఆనించి విన్నాడు. ఆడవాళ్లు వినిపించారు, హార్మోనియం వినిపించింది, వెనక వరసలో ఎవరో దగ్గింది కూడా వినిపించింది. ఆయన మాత్రం లేడు. క్యాసెట్టు తిప్పి రెండోవైపూ విన్నాడు.

"నేను పాడినా పాడకున్నా ఒకటేనేమో లేప్పా" అన్నాడు.

నేను ఆ క్యాసెట్టు తీసి జేబులో పెట్టుకున్నాను.

నంద్యాలలో సౌండు షాపు అన్నను అడిగాను. అరచెయ్యంత స్పీకరులో అంత కింది గొంతు పలకదని, టేపులో మనిషి ఉండే ఉంటాడని చెప్పాడు. నలభై వాట్ల పెద్ద స్పీకరు తీసుకుని, చెక్కపెట్టె కట్టించి, టాక్సీ డిక్కీలో బిగించాను. టేపు శబ్దాన్ని పెంచే ఆంప్లి మాత్రం నా సొంత తెలివితో పది వాట్లది కొన్నాను. చిన్నదైతే స్పీకరుకు దెబ్బ తగలదని నా లెక్క. షాపు అన్న వద్దంటే, పెద్దది అంటగట్టడానికే అంటున్నాడనుకున్నాను.

ఆళ్లగడ్డ పోయి మామను వెనకసీట్లో కూర్చోబెట్టి పాట పెట్టాను. చాలలేదు. శబ్దం పెంచే బిరడా చివరిదాకా తిప్పాను. పాట రేకు చించినట్టు గరగరలాడింది. డిక్కీలోంచి కమురు వాసన. మామ నా భుజం పట్టుకున్నాడు.

"ఆపప్పా. బక్క ఎద్దును ముల్లుగర్రతో పొడిస్తే బరువు లాగదు. రొప్పుతాది, అంతే."

నంద్యాలకు తిరిగొచ్చాక షాపు అన్న చెప్పిందీ అదే. చాలని ఆంప్లి గొంతు చించుకుంటుంది, ఆ చీలిన శబ్దమే స్పీకరు లోపలి తీగచుట్టను కాలుస్తుంది. మీలో ఎవరైనా కారులో పెద్ద స్పీకరు పెట్టుకునేవాళ్లుంటే ఇది గుర్తుంచుకోండి, మా మామ పేరు చెప్పుకుని. ఈసారి అన్న కాలిన తీగచుట్ట మార్చి, స్పీకరు కంటే కాస్త ఎక్కువ బలమున్న ఆంప్లి ఇచ్చి, బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ లాగి, సగం దాటి తిప్పొద్దన్నాడు. ఎవరి కోసం ఇంత తంటా అని అడిగాడు.

"మా మామ టేపులో తప్పిపోయినాడన్నా, ఎతుకుతాండా" అన్నాను.

మళ్లీ ఆళ్లగడ్డ. మామ జొన్నచేను పక్కన బండి ఆపి, బిరడా కొంచెమే తిప్పాను. ముందు హార్మోనియం. తర్వాత ఆడవాళ్లు. ఆ తర్వాత వాళ్ల కింద నుంచి, సీటులోంచి పుట్టినట్టు ఒక గొంతు మెల్లగా లేచింది. మామ అరచెయ్యి సీటు రెక్సిను మీద ఆనించాడు.

"అల్లుడా, ఈడుండా నేను."

నేను వెనకసీటు కనబడే అద్దాన్ని పక్కకు తిప్పేశాను. ఆయన ముఖం చూసే ధైర్యం లేకపోయింది. పాట అయిపోయాక వెనక నుంచి గుసగుస వచ్చింది: "బర్రె బాగానే పాడింది గదప్పా."

ఆ తర్వాత నేను ఆళ్లగడ్డ పోయినప్పుడల్లా చర్చి నుంచి ఇంటికి ఆయన్ను టాక్సీలోనే తీసుకుపోయేవాణ్ణి. దగ్గర దారి ఉన్నా చుట్టూ తిప్పేవాణ్ణి. దారి తప్పినావని ఆయనంటే, కొత్త డ్రైవరును మామా అనేవాణ్ణి. ఆయన పెదవులు పాటతో పాటు కదిలేవి. దిగేటప్పుడు భుజం మీది తువ్వాలు సీటు మీదే మరిచిపోయేవాడు. చివరిసారి కూడా అలాగే వదిలిపోయాడు. మరిచిపోయాడో, మళ్లీ ఎక్కుతానని గుర్తుగా పెట్టాడో ఇప్పుడు అడగలేను.

మట్టి చేసిన రోజు చర్చివాళ్లు ఆయనకిష్టమైన పాటే పాడారు. బాగానే పాడారు గానీ, పాట కాళ్లు నేలకానలేదు.

నంద్యాలకు తిరిగొస్తుంటే ముందుసీట్లో కూర్చున్న మా ఆవిడ, "నాయన పాట పెట్టు" అంది. పెట్టాను, చిన్నగానే. ఈసారి అద్దం తిప్పలేదు. అందులో ఖాళీ వెనకసీటు, దాని మీద మామ తువ్వాలు. అడుగు గొంతు లేచినప్పుడల్లా దాని అంచు కుచ్చులు సన్నగా వణుకుతున్నాయి.