రెండూ పెద్దవే

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్‌ల దెబ్బకు గిరాకీ లేక, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అక్వేరియం దుకాణాయన సముద్రపు చేపలను సగం ధరకే అమ్మేస్తున్నాడు. తెల్లచారల నారింజరంగు చేపల జత కొని, గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచాలని నా ఆశ.

“పెద్దది ఆడది, చిన్నది మగది. గట్లనే తీస్కపో అన్నా.”

దుకాణదారుల ఇంట్లో పెరిగినవాణ్ణి, పెద్దదాని ధరకు చిన్నది తీసుకుంటానా?

“నాకే టోపీ పెడ్తవా భాయ్? రెండూ పెద్దవే ఇయ్యి.”

గంటసేపు బేరమాడి గెలిచాను. మా వంశంలో ఇంత తెలివైనవాడు పుట్టలేదనుకున్నాను.

మూడో రోజుకల్లా ఒకటి రెండోదాన్ని కొరికి చంపింది. దుకాణానికి పరుగెత్తాను.

“రెండూ ఆడవే అన్నా. ఒక్క తొట్లె ఎట్ల ఇముడుతయ్?”

“ఇవి ఆడ మగ మార్తయంట గదా. ఉన్నది మగదైతది తియ్యి.”

“మగది ఆడదైతది గని, ఆడది మల్ల మగది గాదు.”

“అయితే చిన్నదొకటియ్యి. అడిగినంత ఇస్త.”

ఆయన ఖాళీ తొట్లు చూపించాడు. “నిన్న దినమంత ఈడ కరెంట్ లేకపాయె. గాలి మోటర్లు ఆగి అన్ని సచ్చినయ్.”

ఇంటికొచ్చేసరికి మిగిలిన చేప, గుడ్లు పెట్టడానికని నేను ఉంచిన కుండపెంకును నోటితో శుభ్రం చేసుకుంటోంది.