కాటయ్య చూసిన పద్నాలుగు సెకన్లు

పాలకీడులో కాటయ్య వాళ్ళది గొర్లు కాసే ఇల్లు. 2001 వానాకాలంలో రోగం తగిలి నెల తిరగకుండానే సగం మంద పోయింది. మిగిలిన గొర్లు ఇద్దరు అన్నదమ్ములకు చాలవు. చిన్నవాడైన కాటయ్య మందను అన్నకు వదిలేసి, మిర్యాలగూడ వెళ్ళి లారీ క్లీనరుగా చేరాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. లింగమ్మతో పెళ్ళయి ఏడాదే అయింది. నాలుగేళ్ళు తిరిగేసరికి స్టీరింగు చేతికొచ్చింది.

వాడపల్లి దగ్గరి ఫ్యాక్టరీల్లో సిమెంటు ఎక్కించుకుని కోదాడ, సూర్యాపేట షాపుల్లో దింపి రావడం అతని పని. ఎనిమిదేళ్ళు ఒకే సేటు దగ్గర నడిపాడు. సేటు పేరు సాయిబాబు. మిర్యాలగూడలో ఆయనకు ఆరు లారీలుండేవి. కాటయ్య బండిని పరుగెత్తించే మనిషి కాదు. రోడ్డు మీద గొర్లు అడ్డమొస్తే హారన్ కొట్టేవాడు కాదు. ఇంజన్ ఆపి, చివరి గొర్రె దాటేదాకా కూర్చునేవాడు. తోటి డ్రైవర్లు నవ్వేవాళ్ళు.

2013 సంక్రాంతి దాటాక సేటు హైదరాబాదు నుంచి ఆరు చిన్న కెమెరాలు తెప్పించి, ఒక్కో లారీకి ఒకటి చొప్పున ముందు అద్దానికి బిగించాడు. దారిలో డ్రైవర్లు ప్యాసింజర్లను ఎక్కించుకుంటున్నారని, డీజిల్ తీసి అమ్ముకుంటున్నారని ఆయన అనుమానం. కెమెరా ఎదురుగా ఉన్న రోడ్డంతా చూస్తుంది. చూసింది లోపలి చిప్పులో దాచుకుంటుంది. చిప్పు నిండితే పాతది తుడిచేసి కొత్తది ఎక్కిస్తుంది. ఆ చిప్పులు తీయడం, కంప్యూటర్‌లో పెట్టి చూడడం సేటు గుమస్తా సైదులు పని.

"నీ మీద నమ్మకం లేకనేనా అది పెట్టింది?" అని లింగమ్మ అడిగింది.

"నా ఒక్కని మీదనా, అందరి మీద. ఉంటే ఉండనియ్యి. నేనేం దొంగతనం జేస్తలేను గద" అన్నాడు కాటయ్య.

ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున తొమ్మిది గంటలప్పుడు, సిమెంటు లోడుతో నేరేడుచర్ల దాటి హుజూర్‌నగర్ వైపు పోతున్నాడు. ఎదురుగా ఒక ట్రాక్టర్ వస్తోంది. రెండు పక్కలా రోడ్డు మీదికి వంగేలా గడ్డి కట్టి ఉంది. అది దగ్గరికి వచ్చింది. తర్వాత కాటయ్యకు చప్పుడొక్కటే గుర్తు.

లారీ ఆపి దిగి చూస్తే ముందు చక్రం దగ్గర మోటార్‌సైకిల్ పడి ఉంది. దాని అవతల ముప్పై ఐదేళ్ళ మనిషి. తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. సాధారణంగా ఇలాంటప్పుడు డ్రైవర్ పొలాలకు అడ్డం పడి పారిపోతాడు. కాటయ్య పారిపోలేదు. మెడలో తువ్వాల తీసి ఆ మనిషి తల కింద పెట్టి, "అన్నా, అన్నా" అని పిలుస్తూ కూర్చున్నాడు. జనం వచ్చి కొట్టినా లేవలేదు. 108 వచ్చేసరికి ప్రాణం పోయింది. ట్రాక్టర్ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

చనిపోయినాయన పేరు ఏసుబాబు. ఉండేది కోదాడలో. నేరేడుచర్లలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు. రోజూ బండి మీదే వచ్చి పోయేవాడు. భార్య కవిత, ఇద్దరు చిన్న పిల్లలు.

స్టేషన్‌లో కాటయ్య చెప్పింది ఎవరూ రాసుకోలేదు. అసలు అతనికి చెప్పడానికి ఏమీ లేదు. "ఎట్లయిందో తెల్వదు సార్" అన్నాడు. పెద్ద బండి నీది కాబట్టి తప్పు నీదేనన్నారు. రెండు రోజులు కాటయ్యను ఒకటే ప్రశ్న తినేసింది. ట్రాక్టర్ దగ్గరికొచ్చినప్పుడు తను ఎటు చూస్తున్నాడు? పక్క అద్దం వైపా? గడ్డి తగులుతుందేమోనని పైకా? ఎంత తవ్వుకున్నా ఆ క్షణం దొరకలేదు. మూడో రోజు బెయిల్ మీద బయటికి వస్తుంటే కెమెరా గుర్తొచ్చింది.

నేరుగా మిర్యాలగూడలో సేటు ఆఫీసుకు పోయాడు. లారీ స్టేషన్ ఆవరణలోనే ఉన్నా, చిప్పు మాత్రం మొదటి రోజే సైదులు తెచ్చి పెట్టాడు.

"ఒక్కసారి సూపియ్యి తమ్మీ" అన్నాడు కాటయ్య.

సైదులు సేటు ముఖం చూశాడు. సేటు తలూపాడు. కంప్యూటర్ తెర మీద రోడ్డు కనిపించింది. శబ్దం లేదు. దూరంగా గడ్డి ట్రాక్టర్, దగ్గరవుతూ, ఇంకా దగ్గరవుతూ. లారీ రోడ్డు ఎడమ అంచుకు జరిగింది, మట్టిలోకి దిగింది కూడా. ఆ తర్వాత గడ్డి వెనక నుంచి మోటార్‌సైకిల్ ట్రాక్టర్‌ను దాటబోతూ ఒక్కసారిగా తన కుడికి తిరిగి లారీకి ఎదురుగా వచ్చింది. తెల్ల చొక్కా. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. ఆ ముఖం లారీ వైపు తిరగనే లేదు. తెర అదిరింది. లారీ ఆగిపోయింది. ట్రాక్టర్ కనపడిన దగ్గర్నుంచి లారీ ఆగేదాకా మొత్తం పద్నాలుగు సెకన్లు.

కాటయ్య ఇంకోసారి చూపించమన్నాడు. మూడోసారి కూడా చూశాడు. తర్వాత తలవంచుకుని ఏడ్చాడు. తను రోడ్డు వైపే చూశాడు. తను చేయగలిగింది చేశాడు.

"సూసినవ్ గద, మనసు నిమ్మలమాయె గద. ఇగ దీని సంగతి గీడనే ఇడిచిపెట్టు" అన్నాడు సేటు.

"గట్లంటవేంది సేటూ? ఇది స్టేషన్ల ఇస్తే నా మీద కేసే ఉండదు."

సేటు తలుపు దగ్గరికి వేశాడు. కోపంగా మాట్లాడలేదు. "ఈ చిప్పుల గా పద్నాలుగు సెకన్లే లేవు కాటయ్యా. ఆ వారం మనం బిల్లు లేకుండ దింపిన లోడ్లు గూడ ఉన్నయ్, ఏ షాపు ముందట ఆగినమో బోర్డుతో సహ. ఇస్తే నేను మునుగుత. ఇంకోటి ఇను. తప్పు డ్రైవర్‌దయితేనే ఇన్సూరెన్సోళ్ళు ఆ పిల్లల తల్లికి పైసలిస్తరు. తప్పు సచ్చిపోయినాయనదే అని తేలితే ఆమెకు చేతికొచ్చేదేం ఉండదు. నువ్వు కోర్టుల ఒప్పుకో. జడ్జి జుర్మానా ఏస్తడు, అది నేను కడ్త. అందరికి మంచిగుంటది."

"జైలేస్తే?"

"ఎయ్యరు. వకీలుతోని నేను మాట్లాడిన."

కాటయ్య ఇంటికొచ్చి లింగమ్మకు చెప్పాడు. ఆమె బియ్యం చెరుగుతోంది. చేట పక్కన పెట్టేసింది. "నువ్వు జెయ్యనిదానికి ఎట్ల ఒప్పుకుంటవ్? రేపు మన గోపికను బళ్ళె పిల్లలు మనిషిని సంపినోని బిడ్డ అంటరు. ముందుగాల పోయి ఆ సారు పెండ్లాంకు ఉన్నదున్నట్టు సెప్పు. ఆమె మంచిదయితే ఆమెనే కేసు వాపస్ తీసుకుంటదేమో" అంది.

అలా కేసు వాపసు తీసుకోవడం కుదరదని ఇద్దరికీ తెలియదు.

నెల తర్వాత కాటయ్య కోదాడ వెళ్ళాడు. వెతుక్కుంటూ పోతే బస్టాండు వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు. గోడకు ఏసు పటం, దాని పక్కన కొత్తగా కట్టించిన ఏసుబాబు ఫోటో. తను ఎవరో చెప్పగానే కవిత తల్లి ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. కవిత ఆమెను ఆపి, "లోపలికి రండి" అంది. కుర్చీ వేసింది. కాటయ్య కూర్చోలేదు.

దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. లారీలో కెమెరా ఉందమ్మా అని మొదలుపెట్టాలనుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే ఆమె అడిగింది.

"ఆయన్ని ఆఖరున చూసింది మీరే కదా. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. అప్పటికి ఫోను పెట్టేశాడా?"

కాటయ్యకు అర్థం కాలేదు.

"నాతోనే మాట్లాడుతున్నాడు. గ్యాస్ బండ అయిపోయిందని ఫోన్ చేశాను. అంత తొందరేం లేదు, సాయంత్రం వచ్చాక చెప్పినా సరిపోయేది. మాట్లాడుతుంటేనే కట్టయింది. ఆయనకి చెప్పకుండా పెట్టేసే అలవాటుంది. అలా పెట్టేశాడో, లేకపోతే..." ఆమె ఆగింది. "నెల రోజుల నుంచి ఇదే. పిల్లలు పిలిచినా వినపడట్లేదు."

కాటయ్య కళ్ళ ముందు తెర మీది బొమ్మ నిలబడింది. చెవికి ఆనించిన ఫోను. అటే వంగిన తల.

"పెట్టేసిండమ్మా" అన్నాడు. "నేను సూసిన. రెండు చేతులు హ్యాండిల్ మీదనే ఉన్నయ్."

కవిత గట్టిగా ఊపిరి వదిలి గోడకు ఆనుకుంది. తర్వాత ఆమె మెల్లగా తలెత్తింది.

"మరి ఆయన సరిగ్గానే వస్తుంటే, ఎలా తగిలింది?"

ఆ ప్రశ్న వస్తుందని కాటయ్య అనుకోలేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి దారి లేదు.

"నేనే జర రోడ్డు నడిమికి వచ్చినమ్మా" అన్నాడు.

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. తిట్టలేదు. లేచి లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. "ఇంక బయల్దేరు" అంది ఆమె తల్లి.

హుజూర్‌నగర్ బస్సులో కూర్చున్నాక, తను ఏం చేశాడో కాటయ్యకు మెల్లమెల్లగా తెలిసొచ్చింది. ఆమెతో ఏమన్నా, చిప్పు ఉంది కదా అని ధైర్యం చెప్పుకున్నాడు. ఆమెకు తెలియకుండా వకీలుకు ఒక్కడికే చూపించొచ్చు. కనీసం జైలు తప్పుతుంది.

ఇంటికెళ్ళి జరిగింది లింగమ్మకు చెప్పాడు. తెల్లారి ఆమె భర్తను వెంటబెట్టుకుని తనే మిర్యాలగూడ ఆఫీసుకు పోయి నిలబడింది. "ఆ చిప్పు మాకియ్యుండ్రి సేటూ. మీ లోడ్ల సంగతి మేమెవ్వరికీ సెప్పం" అంది.

సేటు ఏం అనకముందే సైదులు తల గోక్కున్నాడు. "అది మల్ల బండ్లనే పెట్టినక్కా. బండి స్టేషన్ల నుంచి ఇడిపించినంక. మోతీలాల్ నడుపుతున్నడు ఇప్పుడు. ఇరవై రోజులాయె."

"అయితే?"

"కొత్తది ఎక్కితే పాతది పోతదక్కా."

సేటు నొచ్చుకున్నట్టే కనిపించాడు. కావాలంటే తీసుకుపొమ్మని ఆ చిప్పు తెప్పించి వాళ్ళ చేతిలో పెట్టాడు. వేలి గోరంత ఉంది. లింగమ్మ దాన్ని పసుపు కాగితంలో మడిచి కొంగున కట్టుకుంది. సూర్యాపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే చోట పోయిన ఫోటోలు కూడా వెనక్కి తెస్తారని ఎవరో చెప్తే, ఇద్దరూ బస్సెక్కి అక్కడికి పోయారు. దుకాణం అతను గంటన్నర కూర్చుని ఏవో వెతికాడు. కొన్ని ముక్కలు దొరికాయి. తెర మీద రోడ్డు కనిపించింది. దామరచర్ల దగ్గర బర్రెలు, కోదాడ దగ్గర ఎండలో ఒక బోర్డు, సూర్యాపేటలో ఎవరో దుకాణం షట్టర్. అన్నీ మోతీలాల్ తిరిగిన దారులు. లింగమ్మ ప్రతి ముక్కనూ వంగి చూసింది, గడ్డి ట్రాక్టర్ వస్తుందేమోనని. రాలేదు.

"ఇంక లేదమ్మా" అన్నాడు దుకాణం అతను. డబ్బులు తీసుకోలేదు.

2014 జనవరిలో హుజూర్‌నగర్ కోర్టులో కేసు పిలిచారు. ఒప్పుకుంటే శిక్ష పడొచ్చు, ఆలోచించుకో అని జడ్జి రెండుసార్లు చెప్పాడు. కాటయ్య వెనక్కి తిరిగి చూశాడు. బెంచీ మీద కవిత, పక్కన ఆమె తమ్ముడు. ఆమె అతని వైపు చూడడం లేదు. కాదంటే చూపించడానికి తన దగ్గర ఏముంది? ఉన్నా, ఆమె ముందర ఎట్లా చూపిస్తాడు?

"తప్పయింది సార్" అన్నాడు.

ఆరు నెలలు వేశారు. వకీలు మొహం తిప్పుకున్నాడు. జుర్మానా మాత్రం సేటు మాట ప్రకారం కట్టాడు.

నల్లగొండ జైల్లో ఉన్నన్నాళ్ళు లింగమ్మ పదిహేను రోజులకోసారి వచ్చేది. గోపిక ఒక్కసారే వచ్చింది. జూన్‌లో ఒక రోజు బయట టపాసుల మోత, పాటలు వినిపించాయి. తెలంగాణ వచ్చిందని వార్డరు అందరికీ మిఠాయి పంచాడు. జూలైలో కాటయ్యను వదిలారు.

అప్పటికే లైసెన్సు రద్దయింది. సేటు దగ్గరికి పోతే, "కొన్నొద్దులు ఆగు కాటయ్యా" అన్నాడు. మళ్ళీ పోతే అదే మాట. కాటయ్య వాడపల్లిలో హమాలీల గుంపులో చేరి లారీలకు సిమెంటు బస్తాలు ఎత్తడం మొదలుపెట్టాడు. అన్ని లారీలకూ అద్దం మీద కెమెరాలు వచ్చేశాయి అప్పటికి.

నవంబరులో నష్టపరిహారం కేసుకు సాక్ష్యం కోసం సూర్యాపేట కోర్టుకు పిలిచారు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. కవితకు ఇంకా ఏమీ రాలేదు. వరండాలో ఆమె చిన్న కొడుకు కాటయ్య ముందు నుంచి పరుగెత్తుతుంటే, ఆమె గబుక్కున చెయ్యి పట్టి వెనక్కి లాక్కుంది. "ఆయన దగ్గరికి పోకు" అంది. ఆ మాట మెల్లగానే అంది కానీ కాటయ్యకు వినపడింది.

బోనెక్కాక కవిత తరఫు వకీలు అడిగాడు, "నువ్వు రోడ్డు మధ్యకు వచ్చావు కదా?" అని. "వచ్చిన సార్" అన్నాడు కాటయ్య. ఆ మాట ఈసారి చాలా తేలిగ్గా వచ్చింది. అదే అతన్ని భయపెట్టింది. వరండాలోకి వచ్చి కళ్ళు మూసుకుని ఆ పద్నాలుగు సెకన్లు గుర్తుచేసుకోబోయాడు. గడ్డి ట్రాక్టర్ కనిపించింది. మోటార్‌సైకిల్ కనిపించింది. లారీ మాత్రం ఒకసారి మట్టిలోకి దిగింది, ఇంకోసారి దిగలేదు. ఏది చూసిందో, ఏది కోర్టులో చెప్పి చెప్పి అలవాటైందో తేలలేదు.

ఆ వారంలోనే మిర్యాలగూడ పోయి సైదులును వెతికి పట్టుకున్నాడు. సైదులు ఆఫీసు ముందు చాయ్ తాగుతున్నాడు, అతనికీ ఒకటి చెప్పాడు.

"తమ్మీ, నువ్వు సూసినవ్ గద ఆ దినం, కంప్యూటర్ల. నా బండి ఎడమకే ఉండె గద? మట్టిల దిగింది గద?"

సైదులు ఆలోచించాడు. అబద్ధమాడే మనిషి కాదు. "ఎన్నెన్ని సూస్త అన్నా రోజుకు. నాకు సరిగ యాదికి లేదు. నువ్వే గద కోర్టుల ఒప్పుకుంటివి" అన్నాడు.

కాటయ్య చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. దామరచర్ల బస్సు కదులుతుంటే ఎక్కాడు. ఆ రోజు వాడపల్లిలో అతని గుంపు ఇంకా రెండు లారీలు నింపాల్సి ఉంది.